విజయనగరం నుంచి చిత్రకోట్: అత్తగారు, ఇద్దరు పిల్లలతో నాలుగు రోజులు. ప్లాన్ చూసి చెప్పండి

విజయనగరం కోడలు:

నమస్కారం అండి. మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. ఈసారి సిరిమాను పండగ అయిపోయాక, అక్టోబరు చివర్లో కారులో నాలుగు రోజులు అడవులు, జలపాతాలు తిరిగి రావాలనుకుంటున్నాం. నేను, మా ఆయన, 11 ఏళ్ల బాబు, 6 ఏళ్ల పాప, 68 ఏళ్ల మా అత్తగారు. సొంత బండే, నడిపేది మా ఆయనొక్కరే. నేను ఊళ్లో నడుపుతాను గానీ ఘాటీలో ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకోలేదు.

మా ఆయన వేసిన ప్లాన్ ఇది. మొదటి రోజు సాలూరు ఘాటీ ఎక్కి, దారిలో దేవమాలి కొండ చూసుకుని, కోరాపుట్, జయపురం మీదుగా రాత్రికి జగదల్‌పూర్. రెండో రోజు తీరథ్‌గఢ్ జలపాతం, కాంగేర్ లోయ నేషనల్ పార్కు, కుటుంసర్ గుహ, సాయంత్రానికి చిత్రకోట్. మూడో రోజు డుడుమ జలపాతం చూసి అరకు. నాలుగో రోజు బొర్రా, కటికి, తాటిపూడి, ఇల్లు. కాగితం మీద అంతా బాగానే ఉంది, నాకే ఎందుకో టెన్షన్‌గా ఉంది.

అసలు ఈ ప్రయాణం ఎందుకంటే, మా మావయ్యగారు లారీ డ్రైవరు. విశాఖ పోర్టు నుంచి రాయపూర్‌కి లోడు వేసుకుని ఈ సాలూరు రోడ్డు మీదే ఇరవై ఏళ్లకు పైగా తిరిగారు. ఇంటికి వచ్చినప్పుడు చిత్రకోట్ ఊసెత్తి "ఒకసారి నిన్ను తీసుకెళ్లి చూపిస్తానే" అని అత్తగారితో అనేవారట. ఆ ఒకసారి రాకుండానే ఆయన పోయారు, ఆరేళ్లయింది. ఆవిడ ఇన్నాళ్లలో నోరు తెరిచి అడిగింది లేదు. మొన్న మా బాబు ఫోన్‌లో చిత్రకోట్ వీడియో చూస్తుంటే మాత్రం మళ్లీ పెట్టమని మూడుసార్లు చూశారు.

ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, పది మెట్లు ఎక్కితే కూర్చోవాలి. పాపకి మలుపుల్లో వాంతులు. బాబుకేమో జంతువులు కనిపించాలి, కురుపాం వైపు ఏనుగులు తిరుగుతున్నాయట కదా, అటు తిప్పి తీసుకెళ్లమని వాళ్ల నాన్న ప్రాణం తీస్తున్నాడు. ఏది ఉంచుకోవాలి, ఏది తీసేయాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సాలూరు లారీ మనిషి:

అమ్మా, మాది సాలూరు. మా ఊరంటేనే లారీలు, మీ మావయ్యగారు మా ఊళ్లో ఆగి ఎన్నిసార్లు టీ తాగి ఉంటారో. నేనూ ఆ రోడ్డు మీదే పాతికేళ్లు బతికాను కాబట్టి రోడ్డు సంగతి వరకు చెప్తాను.

విజయనగరం నుంచి జగదల్‌పూర్ దాదాపు 250 కిలోమీటర్లు. దూరం చూసి ఐదు గంటలు అనుకోకండి, పిల్లలతో, పెద్దావిడతో ఎనిమిది గంటలు వేసుకోండి. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే గజపతినగరం, రామభద్రపురం దాటి ఎండ ఎక్కకముందే సాలూరులో ఉంటారు. టిఫిన్ అక్కడే తినేయండి, పాపకి మాత్రం ఒక ఇడ్లీ చాలు, కడుపు నిండా పెట్టొద్దు. మలుపులు మొదలయ్యాక ఫోన్ చేతికి ఇవ్వకండి, కిటికీ కొద్దిగా దించి దూరంగా ఉన్న కొండల్ని చూడమనండి. మాత్ర వేయాలంటే ముందే డాక్టరుని అడిగి బయలుదేరే ముందు వేయాలి, వాంతి మొదలయ్యాక వేస్తే అదీ బయటికే వస్తుంది.

సుంకి దగ్గర ఒడిశాలోకి వెళ్తారు. అది జాతీయ రహదారి, లోడు బళ్లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. మలుపులో లారీని దాటే ప్రయత్నం చేయొద్దని మీ ఆయనకి చెప్పండి. వెనకాలే నెమ్మదిగా వెళ్తే తిన్నటి దారి వచ్చినప్పుడు లారీవాడే చెయ్యి ఊపి దారిస్తాడు. అక్టోబరు చివర్లో పొద్దున్న మంచు ఉంటుంది, చీకటి పడ్డాక ఇంకా కష్టం, అందుకని ఏ ఘాటీ అయినా సాయంత్రం ఐదు దాటాక ఎక్కొద్దు, దిగొద్దు.

దిగేటప్పుడు ఇంకా ముఖ్యం. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. నేను కొత్తలో ఇంట్లోవాళ్లని జీపులో తీసుకొస్తూ బ్రేకు మీద కాలు తీయకుండా దిగాను. సగం దిగేసరికి కాలిన వాసన, పెడలు మెత్తగా లోపలికి పోతోంది. గేరు తగ్గించి, హేండు బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండ వైపు గట్టుకి ఆనించి ఆపాను. టైర్ల ముందు రాళ్లు పెట్టి గంటసేపు కూర్చున్నాం. మా ఆవిడ ఒళ్లో చంటిపిల్ల. ఇప్పటికీ ఆ వాసన గుర్తొస్తే చేతులు చల్లబడతాయి. అలా అయితే చల్లారేదాకా ఆగడమే, చక్రాల మీద నీళ్లు కొట్టొద్దు.

ఇక ప్లాన్ విషయానికొస్తే డుడుమ తీసేయండి. మాచ్‌ఖండ్ వైపు లోపలికి పోవాలి, ఒక్క డ్రైవరుతో ఆ రోజు అరకు చేరేసరికి రాత్రవుతుంది. జగదల్‌పూర్ నుంచి వెనక్కి సెమిలిగుడ దాకా వచ్చి, నందపూర్, పాడువా మీదుగా అరకు వచ్చేయండి. దేవమాలి కూడా వెళ్లేటప్పుడు వద్దు, తిరిగొచ్చేటప్పుడు టైము మిగిలితే చూడండి. 1,672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తయిన కొండ, కారు దాదాపు పైదాకా వెళ్తుంది కాబట్టి పెద్దావిడకి ఇబ్బంది లేదు.

ఇంకో మాట. కోరాపుట్, జయపురంలో తెలుగు బాగానే నడుస్తుంది, బండికి ఏమైనా అయినా భయపడక్కర్లేదు.

బస్తర్‌లో మూడేళ్లు:

ఉద్యోగం మీద జగదల్‌పూర్‌లో మూడేళ్లున్నాను, మా సొంతూరు బొబ్బిలి. మేడం, మీరు రాసిన దాంట్లో రెండో రోజు ప్లాన్ చూసి బాధేసింది, ఎందుకంటే ఎవరి కోసం వెళ్తున్నారో ఆవిడకి చిత్రకోట్ దగ్గర చివర్లో అరగంట మిగులుతుంది, అది కూడా పొద్దంతా తిరిగి అలిసిపోయాక.

తీరథ్‌గఢ్, చిత్రకోట్ రెండూ జగదల్‌పూర్‌కి దగ్గరే, ఒక్కోటి 40 కిలోమీటర్ల లోపే, కానీ వేర్వేరు దార్లు. ఒకటి చూసి మళ్లీ ఊళ్లోకి వచ్చి రెండోదానికి వెళ్లినట్టే అవుతుంది. తీరథ్‌గఢ్ బాగుంటుంది, కాదనను. నీళ్లు ఒక్కసారిగా పడిపోకుండా రాతి మెట్ల మీద పాల తెరలా జారుతూ 90 మీటర్లు దిగుతాయి. కానీ దాన్ని సరిగ్గా చూడాలంటే చాలా మెట్లు దిగాలి, దిగినవన్నీ ఎక్కాలి. మీ అత్తగారి మోకాళ్లకి అది శిక్ష. చిత్రకోట్ అలా కాదు, ఇంద్రావతి నది మన కాళ్ల ముందు నుంచే గుర్రపు నాడా ఆకారంలో కిందకి దూకుతుంది. పైనే నిలబడి, కావాలంటే కుర్చీ వేసుకుని కూర్చుని చూడొచ్చు. మెట్లు దిగేది పడవ ఎక్కాలనుకునేవాళ్లే. ఎత్తు 30 మీటర్ల లోపే, దాని గొప్పతనమంతా వెడల్పులో ఉంది. వర్షాల్లో ఎర్రమట్టి నీళ్లతో అంచు నుంచి అంచుకి నిండుగా పడుతుంది, పక్కనున్న మనిషి మాట వినపడదు. వానలు తగ్గేకొద్దీ నీళ్లు తేటపడి తెల్లని పాయలుగా విడిపోతాయి. ఎండాకాలం వెళ్తే చాలావరకు రాళ్లే కనపడతాయి. మీరు అక్టోబరు చివర అంటున్నారు, మంచి సమయమే.

నేనైతే ఇలా చేస్తాను. మొదటి రోజు జగదల్‌పూర్‌లో పడుకోండి. రెండో రోజు ఉదయం మీ ఆయన, బాబు ఇద్దరే తీరథ్‌గఢ్ వెళ్లి వచ్చేస్తారు, మిగతా ముగ్గురూ గదిలో విశ్రాంతి. మధ్యాహ్నం అందరూ చిత్రకోట్ వెళ్లి రాత్రి అక్కడే ఉండండి, పర్యాటక శాఖవాళ్ల రిసార్టు ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. అప్పుడు సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి చూస్తారు. తెల్లవారుజామున జనం ఉండరు, తుంపర్లు పొగలా పైకి లేస్తుంటాయి. ఆవిడని అప్పుడు తీసుకెళ్లండి.

కుటుంసర్ గుహకి వానాకాలంలో నీళ్లు చేరతాయి కాబట్టి మూసేస్తారు, మీరు వెళ్లేసరికి తెరుస్తారో లేదో ముందే కనుక్కోవాలి. తెరిచినా లోపల చీకటి, జారుడు, ఇరుకు మెట్లు, పాపకి కూడా వద్దు. కాంగేర్ లోయలో పులో చిరుతో కనపడుతుందని బాబుకి ఆశ పెట్టకండి. అక్కడ ప్రత్యేకంగా చెప్పుకునేది కొండ మైనా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. నల్లటి ఒళ్లు, తల వెనక పసుపు పచ్చ తోలు, మనిషి గొంతుని అచ్చంగా అనుకరిస్తుంది. కనపడితే అదృష్టమే.

అన్నట్టు బస్తర్ దసరా 75 రోజుల పండగ, చివరి రోజుల్లో జగదల్‌పూర్‌లో గదులు దొరకవు. సిరిమాను అయ్యాక ఒక వారం ఆగి వెళ్లడం మంచిది. ఆ ప్రాంతమంతా మలేరియా ఉంది, సాయంత్రం పిల్లలకి నిండు చేతుల చొక్కాలు వేయండి.

జియ్యమ్మవలస రైతు:

ఏనుగుల గురించి మాత్రమే రాస్తున్నాను. దయచేసి చూడ్డానికి రావొద్దండి. ఒడిశా కొండల నుంచి దిగిన ఏనుగులు ఏళ్ల తరబడి మా కొమరాడ, కురుపాం, జియ్యమ్మవలస ఊళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. మనుషులు చనిపోయారు. వరి, అరటి, చెరకు ఎన్ని ఎకరాలు పోయాయో లెక్క లేదు. నిరుడు మా అరటి తోటలో ఒక్క రాత్రిలో సగం చెట్లు నేలమట్టం. పొద్దున్నే వెళ్తే గెలలు అలాగే ఉన్నాయి, బోదెలు చీల్చి లోపలి దవ్వ మాత్రం తినేశాయి. మేం కూర్చుని చూస్తున్నాం, రోడ్డు మీద బైకులు ఆపి కుర్రాళ్లు వీడియోలు తీస్తున్నారు. జనం గోల చేసేకొద్దీ అవి బెదిరి ఊళ్ల మీదకి వస్తాయి. బాబుకి ఈ మాట అర్థమయ్యేలా చెప్పండి, 11 ఏళ్లవాడు, చెప్తే వింటాడు.

టెక్కలి టీచర్:

పై రైతన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. విజయనగరం కోడలు గారూ, బాబుకి ప్రాణుల్ని దగ్గరగా చూపించాలంటే మా శ్రీకాకుళం జిల్లాకి తీసుకురండి, ఈ నాలుగు రోజుల్లో ఇరికించకుండా వేరేగా ఒక ఆదివారం పెట్టుకోండి. టెక్కలి దాటి నౌపడ వైపు వెళ్తే తేలినీలాపురం. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఏటా వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. అందరూ సైబీరియా పక్షులంటారు గానీ ఈ రెండు జాతులూ మన దేశానివే, నేను మా పిల్లలకి క్లాసులో ముందు అదే చెప్తాను.

ఒక సంగతి బాబుని గమనించమనండి. పెలికాన్ పిల్ల తల్లి నోట్లోకి తలంతా దూర్చేస్తుంది, సంచిలాంటి గొంతులోంచి చేపల్ని లాక్కుని తింటుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లే పిల్లని మింగేస్తోందని కంగారుపడతారు. గూళ్ల కింద రెట్టలతో, కుళ్లిన చేపలతో వాసన బాగా వస్తుంది. ఆ ఊరివాళ్లు అదే వాసనలో బతుకుతూ ఒక్క పక్షిని కూడా కొట్టనివ్వరు, పక్షులు వస్తే పంటలు బాగుంటాయని వాళ్ల నమ్మకం. ఓపికుంటే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి కూడా వెళ్లొచ్చు, అక్కడివి ఓపెన్‌బిల్ కొంగలు, ముక్కు మూసినా మధ్యలో సందు కనపడుతుంది, పొలాల్లో నత్తల్ని పట్టి తింటాయి. అయితే అవి వానల్తో వచ్చి చలికాలం మొదట్లో వెళ్లిపోతాయి, ఆలస్యం చేస్తే దొరకవు.

విజయనగరం కోడలు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. వెళ్లి వచ్చాం, నిన్ననే దిగాం. డుడుమ, కుటుంసర్, బొర్రా, తాటిపూడి అన్నీ తీసేశాం. మా ఆయన మొదట మొహం ముడుచుకున్నారు, చిత్రకోట్‌లో రెండో పూట కూర్చున్నాక ఇంకేం మాట్లాడలేదు.

సాలూరు ఘాటీలో మా ముందు లోడు లారీ పాకుతూ వెళ్తోంది. మా ఆయన హారన్ మీద చెయ్యి వేయబోతే అత్తగారు వెనక నుంచి "కొట్టకురా, వాడికి వెనక బరువుంది" అన్నారు. కొండ ఎక్కేదాకా హారన్ కొట్టలేదు. పాపకి ఒక్కసారే వాంతి అయింది.

చిత్రకోట్‌లో ఉదయం ఆరింటికి ఆవిడని నెమ్మదిగా నడిపించి తీసుకెళ్లాం. తుంపర్లకి కళ్లజోడు మసకబారిపోతుంటే కొంగుతో తుడుచుకుంటూ చూశారు, మళ్లీ మసక, మళ్లీ తుడవడం. చాలాసేపటికి "మీ మావయ్య నీళ్లు ఎర్రగా ఉంటాయన్నారే" అన్నారు. వానాకాలంలో అయితే ఎర్రగా ఉంటాయట అత్తయ్యా అని మీరు రాసిందే చెప్పాను. ఆవిడ కాసేపు లెక్క వేసుకుని, "అయితే శ్రావణంలో వచ్చుంటారు. ఒక ఏడు శ్రావణంలో చెప్పినదానికంటే రెండు రోజులు లేటుగా ఇంటికొచ్చారు. నోము రోజుకి లేరని నేను వారం మాట్లాడలేదు" అన్నారు. ఇంకేం అనలేదు. అక్కడే గంటన్నర కూర్చున్నారు, మేం టిఫిన్ కూడా అక్కడికే తెచ్చుకున్నాం.

నందపూర్ రోడ్డు బాగుంది. అరకు దగ్గర పొలాల్లో వలిసె పూలు పచ్చగా మొదలయ్యాయి. అనంతగిరి నుంచి ఎస్.కోట దాకా సెకండ్ గేరులోనే దిగాం, వెనక కార్లవాళ్లు విసుక్కున్నా పట్టించుకోలేదు.

ఏనుగుల సంగతి బాబుకి ఆ రైతుగారు రాసింది రాసినట్టే చదివి వినిపించాను. తర్వాత అడగలేదు, అరటి చెట్లు మళ్లీ వేశారా అని మాత్రం అడిగాడు. టీచర్ గారూ, తేలినీలాపురం డిసెంబరులో వస్తే గూళ్లలో పిల్లలు ఉంటాయా? ఏ టైముకి రావాలి?

టెక్కలి టీచర్:

డిసెంబరు చివరకి రండి, క్రిస్మస్ సెలవుల్లో అయితే బాబుకీ స్కూలు పోదు. పొద్దున్న ఏడుకల్లా గాని, సాయంత్రం నాలుగు దాటాక గాని రావాలి, ఎండలో తల్లులు మేతకి పోతాయి. వాచ్ టవర్ ఎక్కాలంటే మెట్లున్నాయి, అత్తగారు ఎక్కక్కర్లేదు, కింద నుంచే గూళ్లు కనపడతాయి. బైనాక్యులర్స్ లేకపోతే నాకు రాయండి, మా స్కూల్లో ఒకటుంది, తెస్తాను.

జియ్యమ్మవలస రైతు:

వేశామని చెప్పండమ్మా బాబుకి. పిలకలు మోకాలెత్తు వచ్చాయి.