తుఫాను రోజులకూ ఇంటి వాడకానికీ పాత వంట సామాను: ఏది చూసి కొనాలి?

కవిటి కోడలు:

అందరికీ నమస్కారం. మేము శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో ఉంటాం. అత్తగారు, మామగారు కవిటి దగ్గర ఊళ్లోనే ఉన్నారు. అక్టోబరు వచ్చి, బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట చెవిన పడితే చాలు, మా అత్తగారు ముందు బియ్యం డబ్బా, తర్వాత పెరట్లో కట్టెలు చూసుకుంటారు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఉద్దానం ప్రాంతమంతా చాలా రోజులు కరెంటు లేదు. కొబ్బరి చెట్లు రోడ్లకు అడ్డంగా పడిపోవడంతో గ్యాసు బండి కూడా ఊళ్లోకి రాలేదు. మూడు రాళ్ల పొయ్యి మీద వండితే పలచటి స్టీలు గిన్నెల అడుగులు మాడి వంకర్లు పోయాయి. ఇరుగుపొరుగు వాళ్లకూ కలిపి వండాల్సి వచ్చింది, సరిపడే పెద్ద గిన్నె ఒక్కటీ లేదు.

ఈసారి ముందే గట్టి సామాను కొని పెట్టాలని ఉంది. మామూలు రోజుల్లో కూడా వాడుకునేలా ఉండాలి. కొత్త ఇత్తడి ధర అడిగి వెనక్కి వచ్చేశాను, కాబట్టి పాతవే గతి. ఒక పాత సామాను కొట్లో పెద్ద ఇత్తడి గుండిగ కనిపించింది. లోపల కళాయి (తగరం పూత) సగం పోయి పసుపుపచ్చగా తేలింది, అడుగుకు కాస్త పైన మాటు (అతుకు) వేసిన గుర్తు ఉంది. పక్కనే తుప్పు పట్టిన పోత ఇనుప అట్ల పెనం ఒకటి ఉంది. మా బంధువు ఒకావిడ ఎన్నో ఏళ్లు వాడిన 5 లీటర్ల ప్రెషర్ కుక్కరు ఊరికే ఇస్తానంటున్నారు. వీటిలో ఏది తీసుకోవచ్చు? ఇంకా ఎక్కడ వెతకాలి? ఊరికే ఇచ్చినా వద్దనాల్సింది ఏదైనా ఉందా?

పలాస పందిరి సామాను:

అమ్మా, పెళ్లిళ్లకు వంట సామాను అద్దెకిచ్చే వ్యాపారంలోనే నా జుట్టు నెరిసింది. అందుకని కాస్త విస్తారంగా రాస్తున్నాను, విసుక్కోకండి.

మొదట ఎక్కడ వెతకాలన్న సంగతి. పాత సామాను కొట్టు చివరి మజిలీ. అక్కడికి చేరేలోపే వస్తువును పట్టుకోవాలి. మాలాంటి అద్దె దుకాణాల వాళ్లం ముహూర్తాలు అయిపోయాక సామాను లెక్క చూసుకుంటాం. ఈ మధ్య భోజనాల కాంట్రాక్టర్లు తమ గిన్నెలు తామే తెచ్చుకుంటున్నారు కాబట్టి మా దగ్గర గుండిగలు, డేగిసాలు, మూకుళ్లు మూలన పడి ఉన్నాయి. ఊరికే అడిగి చూడండి, చాలామంది అమ్మేస్తారు. మూతపడుతున్న మెస్సులు, హోటళ్లు కూడా మంచి చోట్లు. హోటల్లో ఏళ్ల తరబడి అట్లు పోసిన పెనం దొరికితే అదృష్టమే. కొట్టులోనే కొనాల్సి వస్తే, సరుకు కరిగించడానికి లారీ ఎక్కకముందే వెళ్లాలి. అక్కడ బేరం సులువు. వాడికి అది గిన్నె కాదు, తూకం. కరిగించేవాడు ఇచ్చే ధర కన్నా నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే ఇచ్చేస్తాడు. కొత్త వస్తువు మీద పడే మజూరీ మీకు మిగులుతుంది.

ఇక చూడటం. తళతళ మెరిసే పాత గిన్నె అంటేనే నాకు అనుమానం. మెషిను మీద మెరుగు పెట్టిస్తే లోహం అరుగుతుంది, పాత అతుకులు కనపడకుండా పోతాయి. మసి పట్టి, నల్లగా, చూడబుద్ధి కానిదే తీసుకోండి. దాన్ని ఎత్తి ఎండకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూడండి. సూదిమొన అంత బెజ్జం ఉన్నా వెలుగు చుక్క కనిపిస్తుంది. నేల మీద పెట్టి ఒక పక్క వేలితో నొక్కండి. ఊగిందంటే అడుగు ఉబ్బిందన్నమాట, పొయ్యి రాళ్ల మీద నిలవదు. చెవులు పట్టుకుని బలంగా కదపండి. రివిట్లు వదులైతే మళ్లీ కొట్టించుకోవచ్చు గాని, చెవి దగ్గర రేకే చీలి ఉంటే వదిలేయండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడి అని చెప్పినదానికి అయస్కాంతం అంటుకుంటే అది పూత పూసిన ఇనుము. స్టీలు విషయంలో మాత్రం అయస్కాంతాన్ని నమ్మకండి. నాసిరకం స్టీలులో కూడా అంటనివి ఉన్నాయి.

వాసన చూడటం మరచిపోకండి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. మన పల్లెల్లో పాత బకెట్లలో, సత్తు గిన్నెల్లో పురుగుమందు కలుపుతారు. రంగులు కలిపినవి, పాత బ్యాటరీల సీసం కరిగించిన ఇనుప మూకుళ్లు కూడా అదే కుప్పలోకి వస్తాయి. లోపల బూడిద రంగు గట్టి పెచ్చు ఉన్న మూకుడు ఎంత దళసరిగా ఉన్నా, ఎంత తక్కువకు ఇచ్చినా ముట్టుకోవద్దు. తోమితే పోదు, కాలిస్తే పొగలో మీకే వస్తుంది.

మీ గుండిగ సంగతి. మాటు దేనితో వేశారో గోరుతో గీసి చూడండి. మెత్తగా, తెల్లగా గీత పడితే అది టంకం. పాత టంకంలో తగరంతో పాటు సీసం ఉంటుంది, పైగా కట్టెల మంటకు ఇట్టే కరుగుతుంది. మీరు చెప్పినట్టు అడుగుకు దగ్గరలోనే ఉంటే అది వంటకు పనికిరాదు. ఇత్తడితోనే వెల్డింగు చేసిన అతుకైతే పరవాలేదు. పసుపుపచ్చగా, గట్టిగా ఉంటుంది, గోరుకు లొంగదు.

పెనం మాత్రం తీసుకోండి. తుప్పు రోగం కాదు, పగులు రోగం. పోత ఇనుము కింద పడితే పగులుతుంది, సన్నటి పగులు కంటికి ఆనదు. పెనం తడిపి గుడ్డతో తుడిచి కాసేపు చూడండి. అంతా ఆరినా ఒక గీత మాత్రం తడిగా మిగిలితే అక్కడ పగిలిందని లెక్క. కొనేశాక ఇటుక పొడితో రుద్ది, కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, పలచగా నూనె పట్టించి పొగ వచ్చేదాకా కాల్చండి. మూడు నాలుగు సార్లు ఇలా చేసి, ఉల్లిపాయ ముక్కతో రుద్దుతూ అట్లు పోస్తే మొదటి రెండూ కాకులకు, మూడోది మీకు.

విజయనగరం మాస్టారు:

కుక్కరు గురించి ఒక మాట. ఊరికే ఇచ్చేదైనా మూత తీసి చూసి తీసుకోండి. మూత కూర్చునే అంచు మీద సొట్ట ఉన్నా, అడుగు ఉబ్బినా వద్దు. విజిల్ గొట్టం లోంచి ఊదితే గాలి ధారాళంగా రావాలి. మూత మీద చిన్న సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. లోపల వేడి, ఆవిరి మితిమీరితే అది కరిగి దారి ఇవ్వాలి. కొందరు అది పోయినప్పుడు అసలుది వేయకుండా సీలతోనో టంకంతోనో బిగించేస్తారు. అలాంటిది ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదం. అంతా బాగుంటే గాస్కెట్, వాల్వ్ రెండూ కొత్తవి, అదే కంపెనీవి వేయించి, ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూసుకుని, మొదటిసారి వట్టి నీళ్లతో విజిల్ రప్పించండి. ఇది గ్యాసు పొయ్యికే. కట్టెల మంట మీద పెడితే రబ్బరు, బేకలైట్ పిడి రెండూ పోతాయి, ఆవిరి అదుపూ ఉండదు. తుఫాను సామాను జాబితాలో కుక్కరు చేర్చకండి.

పందిరి సామాను గారు ఇత్తడి వైపే మొగ్గినట్టున్నారు. నా ఓటు దళసరి అల్యూమినియం గుండిగకు. తేలిక, చవక, కళాయి బెడద లేదు. వరద వస్తుందంటే ముసలివాళ్లు కూడా తలకెత్తుకుని తుఫాను షెల్టరుకు వెళ్లగలరు.

పలాస పందిరి సామాను:

దళసరిది అయితే ఒప్పుకుంటాను మాస్టారూ. మా దగ్గర అన్నం వండేవి అవే ఎక్కువ. పలచటి రేకుదైతే కట్టెల మీద నీళ్లు ఇగిరిన గడియలో అడుగు జారిపోతుంది. చింతపండు పులుసు, మజ్జిగ పులుసు అందులో కాచినా, రాత్రి నిలవ ఉంచినా లోపల గుంటలు పడతాయి. అన్నానికి అల్యూమినియం, పులుసుకు కళాయి ఉన్న ఇత్తడో దళసరి స్టీలో పెట్టుకుంటే ఇద్దరి మాటా నిలబడుతుంది.

సరవకోట మనవరాలు:

మాది బుడితికి దగ్గరే. కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు అది. కళాయి పోయిన గుండిగ అని కొనడం మానకండి. మాటు సంగతి తేల్చుకున్నాక కళాయి వేయించుకోవచ్చు. గిన్నెను శుభ్రంగా తోమి, బొగ్గుల మీద కాల్చి, నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లి, తగరం కడ్డీ తాకించి, దూదితో గిన్నెంతా రాస్తారు. నవసాగరం పడగానే తెల్లటి పొగ గుప్పున లేస్తుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి. మా తాతయ్య పని మొదలుకాకముందు తగరం కడ్డీని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర వంచేవారు. మంచి తగరం వంచితే సన్నగా కిరకిరమంటుంది. సీసానికి ఆ చప్పుడు ఉండదు. చౌక కోసం సీసం కలిపిన కళాయి వేస్తే వేయించుకోనిదే నయం. కాబట్టి కడ్డీ అడిగి చూడటానికి మొహమాటపడకండి.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు, అందులో పోపు పెట్టకూడదు. పోపు ఇనుప మూకుట్లో వేయించుకుని కలుపుకోవాలి. తోమేటప్పుడు ఇనుప పీచు వద్దు. కళాయి వేయించే వీలు లేకపోతే వట్టి ఇత్తడిలో నీళ్లు కాచుకోండి, అన్నం వండితే వెంటనే వేరే గిన్నెలోకి తీయండి. పులుపు తగిలిందంటే చిలుము దిగి వాంతులవుతాయి.

కంచు సామాను దొరికితే తినడానికే ఉంచుకోండి. కొనేటప్పుడు వేలి కొసల మీద నిలబెట్టి మీటితే గణగణమని చాలాసేపు మోగాలి. డబ్బుమని ఆగిపోతే ఎక్కడో పగిలింది.

కవిటి కోడలు:

అందరికీ ధన్యవాదాలు. కొట్టుకు మళ్లీ వెళ్లి గుండిగ మాటును గోరుతో గీశాను. మెత్తగా, తెల్లగా గీత పడింది, వదిలేశాను. కొట్టతను స్నానాలకు నీళ్లు కాచుకోవడానికైనా తీసుకోమన్నాడు. మంట మీద టంకం ఆగదు కదా అంటే నవ్వి ఊరుకున్నాడు. పెనం తడిపి చూశాను, గీత లేదు, తెచ్చుకున్నాను. కుక్కరు అడుగు కాస్త ఉబ్బి ఉందని బంధువుగారికి చెబితే చిన్నబుచ్చుకున్నారు. అయినా తీసుకోలేదు.

ఇంకొక్క ప్రశ్న. ఇరుగుపొరుగుతో కలిపి 20 మందికి వండాలంటే ఎంత గిన్నె కావాలి? పొయ్యి కూడా పాతది కొనాలా?

పలాస పందిరి సామాను:

మనిషికి 150 గ్రాముల చొప్పున 20 మందికి 3 కిలోల బియ్యం. గంజి వార్చే అలవాటుంటే 15 లీటర్లకు పైబడిన గుండిగ తీసుకోండి. గంజి పారబోయకండి, ఆ రోజుల్లో పిల్లలకు, పెద్దవాళ్లకు ఉప్పేసి ఇవ్వొచ్చు. తాగే నీళ్లకు వేరే గిన్నె ఉండాలి. బావి వరద నీళ్లలో మునిగితే ఆ నీళ్లు వడపోసి, కళపెళ మరిగాక ఇంకొక నిమిషం పొయ్యి మీదే ఉంచి దించండి. కూరా పులుసూ విడివిడిగా చేసే తీరిక ఉండదు. పప్పులో ఏది దొరికితే అది వేసేయడమే కాబట్టి కూరకూ పులుసుకూ వేర్వేరు పెద్ద గిన్నెలు అక్కర్లేదు.

పొయ్యి మాత్రం కొనండి. నానిన నేల మీద మూడు రాళ్లు పెడితే నిండు గుండిగ బరువుకు ఒక రాయి దిగబడి గిన్నె ఒరుగుతుంది. మా దుకాణాల్లో మూడు కాళ్ల ఇనుప పొయ్యిలు పాతవి దొరుకుతాయి. కాళ్ల కింద పలకలు వేసుకోండి, గాలి వచ్చే వైపు రేకు అడ్డం పెట్టండి. బొగ్గుల కుంపటి అయితే వాన పడుతోందని తలుపులు మూసిన గదిలోకి తేవద్దు. ఆ గాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది.

కట్టెల సంగతి. తుఫానుకు పడిన చెట్టు పచ్చిది, పొగ తప్ప మంట రాదు. ఎండిన కొబ్బరి డొక్కలు, చిప్పలు ఇప్పుడే సంచుల్లో కట్టి అటక మీద వేయండి. మా వైపు జీడిపిక్కల తొక్క చవకగా దొరుకుతుంది కదా అని వంటకు వాడబోయేవాళ్లను చూశాను. వద్దమ్మా, ఆ తొక్కలో ఉండే నూనె చర్మానికి తగిలితే పొక్కుతుంది, పొగ కళ్లను, గొంతును మండిస్తుంది.

పొయ్యి మీద పెట్టేముందు గిన్నె బయట అడుగున తడి బూడిదో బంకమట్టో పలచగా పూయండి. మసి ఆ పూతకే అంటుకుని, కడగగానే ఊడి వస్తుంది. మీ అత్తగారికి ఇది తెలిసే ఉంటుంది.

మూత సంగతి కూడా చూసుకోండి. పాత కొట్లలో గిన్నె ఒక మూల, మూత ఇంకో మూల పడి ఉంటాయి. డబ్బు ఇచ్చేముందే వెతికించి, గుండిగ మీద పెట్టి చూసుకుని తీసుకోండి.