బోర్లా వేస్తే చాలు, ఒకటే ఏడుపు! మీ పిల్లలు ఎలా అలవాటు పడ్డారు?

కాజీపేట కొత్తమ్మ: మా పాపకు రెండున్నర నెలలు. డాక్టర్ గారు రోజూ కాసేపు బోర్లా వేయమన్నారు. వేశానా, ముక్కు నేలకు ఆనించి ఏడుపే ఏడుపు. నిమిషం ఉంటే గొప్ప. ఆ ఏడుపు వినగానే అత్తమ్మ పరుగెత్తుకొచ్చి ఎత్తేసుకుంటుంది. "దానంతట అదే బోర్ల పడతది, గిప్పుడే ఏం తొందర?" అంటుంది. నాకేమో టెన్షన్. మీరంతా ఏం చేశారు?

హన్మకొండ నాన్న: ఎక్కడ వేస్తున్నారు, మంచం మీదా? మేమూ మొదట పరుపు మీదే వేసేవాళ్ళం. మోచేతులు దిగబడిపోయి వాడికి తల ఎత్తడానికి ఆనిక దొరికేది కాదు. తర్వాత వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా నేల మీద పరిచి, గరుకు తగలకుండా పైన పల్చటి నూలు బట్ట వేశాం. నేనూ ఎదురుగా బోర్లా పడుకుని ముఖంలో ముఖం పెట్టేవాణ్ణి. నాన్న పొట్టకు కూడా మంచి ఎక్సర్‌సైజు.

నర్సంపేట చెల్లె: తువ్వాలను సన్నగా చుట్టి ఛాతీ కింద పెట్టి చూడండి అక్కా. రెండు చేతులూ ఆ చుట్ట మీదుగా ముందుకు రావాలి. చేతులు ఒంటి కింద ఇరుక్కున్నంతసేపు పాపం వాళ్ళు ఏమీ చేయలేరు. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు, మేం రెండుసార్లు దుప్పటి ఉతుక్కున్నాం! మాకైతే డైపర్ మార్చగానే వేయడం కుదిరింది.

జనగామ, ఇద్దరు పిల్లల తల్లి: నేలే కానక్కర్లేదు. మీరు వెనక్కి వాలి కూర్చుని పాపను మీ ఛాతీ మీద బోర్లా వేసుకోండి, మీ ముఖం చూడడానికైనా తల ఎత్తుతుంది. అయినా మీ అత్తమ్మ కాళ్ళు చాపి నీళ్ళు పోసేటప్పుడు పాపను కాళ్ళ మీద బోర్లా వేసుకునే కదా వీపు రుద్దేది? అప్పుడు ఏడవదు కదా! ఆ మాట ఆమెతోనే అని చూడండి.

పరకాల బాబాయ్: మావాడు బోర్లా వేస్తే హాయిగా నిద్రపోతాడు. అట్లనే వదిలేస్తాం.

జనగామ, ఇద్దరు పిల్లల తల్లి: వద్దన్నా, దయచేసి వదలకండి. నిద్రకు వెల్లకిలే. బోర్లా పడుకునే పసిపిల్లల్లో నిద్రలో హఠాత్తుగా చనిపోవడం ఎక్కువని తెలిసే, 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా నిద్రపుచ్చొద్దని చెప్పింది. కునుకు పట్టగానే వెల్లకిలా తిప్పేయండి. బోర్లా వేయడం మెలకువగా ఉన్నప్పుడే, అదీ పెద్దవాళ్ళు పక్కన ఉండగానే. ఇంకా పాకని పిల్లలకు మెలకువలో రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒక్కసారే అరగంట అనుకునేరు! రెండు మూడు నిమిషాల చొప్పున మొదలుపెట్టి మెల్లగా పెంచడమే. తల చదును కాకూడదని ఆవాల దిండు పెడతారు కదా, మా డాక్టర్ ఆ దిండూ వద్దన్నారు.

కాజీపేట కొత్తమ్మ: వారం తర్వాత వచ్చాను. నీళ్ళు పోసే మాట పనిచేసింది. ఇప్పుడు అత్తమ్మే జంపఖానా పరిచి, గాజులు గలగలలాడిస్తూ ఎదురుగా కూర్చుంటోంది. నిన్న పాప తల ఎత్తి, ఆ గాజుల వంక చూసి, చొంగ కార్చి, మళ్ళీ ధబీమని వాల్చేసింది. మొత్తం నాలుగు నిమిషాలు, ఏడుపు లేదు. "బచ్చాలకు శనగపప్పు నానబెట్టాల్నా?" అంటోంది అత్తమ్మ. బచ్చాలంటే బొబ్బట్లే, పాప తనంతట తాను బోర్లా పడితే చేసేవి. మనం బోర్లా వేస్తే లెక్కలోకి రాదని ఆమెకు ఎవరైనా చెప్పండి.