"అదే పదివేలు": వేలా, వేళ్లా?

మొన్న అమ్మ ఫోన్లో "గుర్తుపెట్టుకుని చేశావు, అదే పదివేలు" అంది. స్పీకర్లో విన్న మా చిన్నాడు "నానమ్మకి పదివేలు ఎవరిచ్చారు నాన్నా?" అన్నాడు. నవ్వేశాను గానీ జవాబు తెలియలేదు. ఇవి డబ్బులేనా? చేతికున్న పది వేళ్లని ఒకాయన అనగా విన్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

— వేళ్లు కాదండీ. చేతిది పాత తెలుగులో వ్రేలు, బహువచనం వ్రేళ్లు. ఇది వేయికి బహువచనం. పోతన భాగవతం అష్టమ స్కంధంలోనే ఉందీ మాట. మూడడుగులేమిటి, ఇంకేదైనా అడగమని బలి చక్రవర్తి అంటే వామనుడి జవాబు:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

ఆశ పెంచుకుంటూ పోకుండా, లేదని ఏడవకుండా, దొరికిన కాస్తే పదివేలనుకుని తృప్తి పడనివాడు ఏడు ద్వీపాలు చేతికొచ్చినా బాగుపడతాడా అని. 'దృప్తి' చూసి దర్పం అనుకునేరు. అది తృప్తే. ముందున్న 'అనుచున్' ద్రుతాంతం, అంటే న్‌తో ముగిసే మాట కాబట్టి త కాస్తా ద అయింది.

ఈ మాట ఎక్కడ వాడతామో చూడండి. లాటరీ తగిలినవాడు అనడు. ఫస్ట్ ర్యాంకు వచ్చిన పిల్లాడి తండ్రీ అనడు. సప్లిమెంటరీలో మూడోసారికి గట్టెక్కినవాడి తండ్రి అంటాడు. అందులో సంతోషం ఉంది, దాని వెనకే చిన్న నిట్టూర్పూ ఉంది. "అదైనా దొరికింది, సంతోషించు" అంటామే, ఆ సంతోషమూ ఈ జాతిదే. అక్కడ 'హ్యాపీ' పెట్టి చూడండి, అతకదు. సంతోషంలో ఉన్న తుష్ ధాతువుకి తృప్తి పడటమనే అర్థం. సంతుష్టి, పారితోషికం అన్నీ ఆ ఇంటివే.

— అంతా బాగుంది గానీ చెప్పిందెవరు సార్? మూడడుగులు చాలన్నవాడు రెండడుగుల్లో భూమీ ఆకాశమూ కొలిచేసి, మూడోది ఎక్కడ పెట్టనన్నాడు! మీరు చెప్పిన పద్యం తర్వాత వచ్చే సీసపద్యంలో "చాలుఁజాలు" అని రెండుసార్లు అంటాడు కూడా. అప్పుడే బలికి అనుమానం రావాల్సింది.

— బలికి రాలేదు, శుక్రాచార్యుడికి వచ్చింది. చెప్పాడు కూడా. తెలిసీ ఇచ్చాడు మహానుభావుడు.

— మా కరీంనగర్ దిక్కు గూడ అంటరన్నా, "పొలం ఎండలే, గదే పదివేలు" అని. కాకపోతే ఇప్పుడు పదివేలు ఇంటి కిరాయికే సాల్తలేవు. రేటు పెంచాలె.

— అందరికీ థాంక్సండీ. రాత్రి పద్యం మొత్తం అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "సరేగానీ దసరాకి వస్తున్నారా, లేదా?" అంది.