పాత రూటర్ తీసి చవక రూటర్ పెట్టాక పాఠాలు తెగిపోతున్నాయి: పొరపాటు ఎక్కడ జరిగింది?

శ్రుతిలయ (విజయనగరం):

అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గరే కర్ణాటక సంగీతం నేర్పుతాను. ఉదయం ఆరు గంటలకు డాలస్‌లో ఉన్న పిల్లలకు, సాయంత్రం ఆరింటికి సింగపూర్ పిల్లలకు వీడియోలో పాఠాలు చెబుతాను. 2015లో కొన్న వైఫై రూటర్ ఇన్నేళ్లూ నమ్మకంగా పనిచేసింది. ఈ మధ్య అది రోజుకు రెండు మూడుసార్లు దానంతట అదే ఆరిపోయి మళ్లీ వెలగడం మొదలుపెట్టింది. దాని ఆయుష్షు తీరిందనుకుని, 1,400 రూపాయలకు కొత్త రూటర్ ఒకటి తెచ్చాను. అట్టపెట్టె మీద 1200 అనే అంకె పెద్దగా ఉంది, యాంటెన్నాలు నాలుగు ఉన్నాయి. పాతదానికి మూడే కనుక ఇది తప్పకుండా దానికంటే మేలుగా ఉంటుందని నమ్మాను.

మాది గానుగ సున్నంతో కట్టిన పాత ఇల్లు. గోడలు అడుగున్నర మందం. ఫైబర్ పెట్టె, రూటర్ వీధి వైపు హాల్లో ఉంటాయి. పాఠం చెప్పే గది రెండు గోడల అవతల, పెరటి వైపు ఉంది. మేము తీసుకున్న ప్లాన్ 150 ఎంబీపీఎస్ (సెకనుకు ఇన్ని మెగాబిట్లు అనే వేగం లెక్క). పాత రూటర్ ఉన్నప్పుడు ఆ గదిలో 60 నుంచి 70 వరకు వచ్చేది; ఇప్పుడు 12 దాటడం లేదు. హాల్లో ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్ పెట్టి చూసినా 94 దగ్గరే ఆగిపోతోంది. పాతదానితో అదే కేబుల్ మీద 150 నిండుగా వచ్చేది.

అంకెలు తగ్గినందుకు కాదు నా బాధ. ఇంటర్నెట్‌లో గురువు, శిష్యురాలు కలిసి పాడలేరు. ఇక్కడి శబ్దం అమెరికా వెళ్లి తిరిగి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది కాబట్టి, నేను ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడి ఆగితే పిల్ల దాన్ని తిరిగి పాడుతుంది. ఆ ఆలస్యం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటే ఇద్దరికీ అలవాటైపోతుంది. ఇప్పుడది క్షణక్షణానికీ మారుతోంది. మధ్యలో మాట మింగేసినట్టు ఆగి, ఆ తరువాత గబగబా దొర్లుతోంది. పోయిన వారం ఒక పాపకు మోహన రాగంలో వర్ణం చెబుతుండగా ఒక జారు (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే గమకం) తెగిపోయింది. ఆ పాప దాన్ని తెగినది తెగినట్టుగానే నేర్చుకుని, మరుసటి పాఠంలో ఎంతో శ్రద్ధగా నాకు అప్పజెప్పింది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

దుకాణంవారు కొత్తదాన్ని వెనక్కు తీసుకోబోమని అంటున్నారు. సెట్టింగులు మారిస్తే బాగుపడుతుందా, లేక మరొకటి కొనుక్కోవలసిందేనా? దయచేసి చెప్పండి.

గోదావరి తీరం (రాజమహేంద్రవరం):

నమస్కారం అమ్మా. మీరు చెప్పినదానిలో మూడు వేర్వేరు ఇబ్బందులు కలగలిసి ఉన్నాయి. వాటిలో ఒకటి ఏ సెట్టింగుతోనూ పోదు కనుక ముందు దాని సంగతి చెబుతాను.

కేబుల్ మీద 94 దగ్గర ఆగిందంటే మీ కొత్త రూటర్ వెనుక ఉన్న పోర్టులు (కేబుల్ పెట్టే చోట్లు) 100 ఎంబీపీఎస్‌వి. ప్రతి ప్యాకెట్ (డేటా వెళ్లే చిన్న మూట) వెంట వెళ్లే చిరునామా సమాచారానికి కొంత పోగా, 100 పోర్టులో మనకు చేతికందేది 94, 95 మాత్రమే. ఫైబర్ పెట్టె నుంచి ఇంటర్నెట్ వచ్చేది కూడా అలాంటి పోర్టులోనుంచే కాబట్టి, వైఫై ఎంత గొప్పదైనా ఇంట్లో ఎవరికీ అంతకు మించి రాదు. మరి అట్టపెట్టె మీది 1200 ఏమిటంటే, వైఫై వాడే రెండు రేడియో బ్యాండ్లలో, అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కలిపి, పైకి సవరించి వేసిన మొత్తం. అది గాలిలో సిద్ధాంతరీత్యా సాధ్యమయ్యే లెక్క. పోర్టు 100 అన్న మాట మాత్రం పెట్టె వెనుక, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనేవారికి అన్నిటికన్నా ముందు తెలియవలసిన సంగతిని అలా మూలకు నెట్టడం నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు.

ఇక యాంటెన్నాల మాట. ఈ తరగతి రూటర్లలో సాధారణంగా రెండు యాంటెన్నాలు 2.4కు, రెండు 5కు పనిచేస్తాయి. మీ పాతదానిలో ఉన్న మూడూ రెండు బ్యాండ్లకూ పనిచేసే రకమై ఉండవచ్చు. మీ ల్యాప్‌టాప్‌కు రెండే యాంటెన్నాలున్నా, అటువైపు మూడు ఉంటే అది పంపే బలహీనమైన సంకేతాన్ని రూటర్ మరింత బాగా పట్టుకోగలదు. రెండు మందపాటి గోడల అవతల ఉన్న గదిలో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా 5 గిగాహెర్ట్జ్ గోడల దగ్గర త్వరగా నీరసిస్తుంది. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి ఉంటే, మీ ల్యాప్‌టాప్ ఆ గదిలో 2.4కు దిగిపోయి ఉంటుంది. ఆ బ్యాండులో ఇరుగుపొరుగు రూటర్లు, బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఒకే దారిలో తోసుకుంటాయి. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి చూడండి. 2.4లో ఛానెల్ (బ్యాండులోని ఒక్కో దారి) వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, ఒకదానిమీద ఒకటి పడని 1, 6, 11 ఛానెళ్లలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోండి. పాఠం చెప్పేటప్పుడు బ్లూటూత్ హెడ్‌సెట్ వాడుతుంటే, దాని బదులు తీగ ఉన్నది వాడండి.

మూడవది, ఆలస్యం క్షణక్షణానికీ మారడం. ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలను పైకి పంపుతున్నప్పుడు అప్‌లోడ్ నిండిపోతుంది. మీ పాట ఆ వరుసలో వెనుక నిలబడవలసి వస్తుంది. ఒక పరీక్ష చేయండి: పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్ చేస్తూ పింగ్ (సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) చూడండి. అది 20 నుంచి 300 మిల్లీసెకన్లకు ఎగబాకితే దొంగ దొరికినట్టే. రూటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ముందు దారి, ఎంత వేగం ఇవ్వాలో నిర్ణయించే సౌకర్యం) ఉంటే, అప్‌లోడ్ పరిమితిని మీ అసలు అప్‌లోడ్ వేగంలో 85 శాతానికి కట్టండి. అయితే చవక రూటర్ల ప్రాసెసర్ చిన్నది. క్యూఓఎస్ పెడితే మొత్తం వేగం మరికొంత తగ్గవచ్చు.

కేబుల్ పనివాడు (హైదరాబాద్):

గురువుగారికి నమస్కారం. పైన చెప్పినవన్నీ సరైనవే. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: మీ పాత రూటర్ నిజంగా పాడైందా? చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, దానంతట అదే ఆరి వెలిగే పాత రూటర్లలో అసలు రోగం తరచుగా అడాప్టర్‌ది. లోపలి కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి నీరసించి, రూటర్ మీద పని భారం పడినప్పుడల్లా వోల్టేజి జారిపోతుంది. అదే వోల్టేజి, అంతే లేదా అంతకంటే ఎక్కువ ఆంపియర్లు, అదే పిన్ను ఉన్న కొత్త అడాప్టర్ తెచ్చి ఒక వారం చూడండి. పాతదాన్ని పారేయకండి.

మరో జాగ్రత్త. కరెంటు పోయినప్పుడు రూటర్ ఆగకుండా చిన్న యూపీఎస్ (బ్యాటరీ పెట్టె) వాడుతున్నారేమో చూసుకోండి. పాత రూటర్లు ఎక్కువగా 12 వోల్టులవి. చవక రకాలు కొన్ని 9 వోల్టులవి. పిన్ను పట్టింది కదా అని పాత యూపీఎస్ కొత్తదానికి తగిలిస్తే అది కాలిపోయే ప్రమాదం ఉంది. రూటర్ అడుగున రాసి ఉన్నది చదివిన తరువాతే తగిలించండి.

పాతది బాగుపడితే, హాల్లోని కొత్త రూటర్ నుంచి పాఠం గదికి ఒక కేబుల్ లాగి, అక్కడ పాతదాన్ని యాక్సెస్ పాయింటుగా, అంటే కేబుల్‌లో వచ్చిన ఇంటర్నెట్‌ను ఆ గదికి అందించే పెట్టెగా పెట్టండి. దానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, కొత్తదానితో ఢీకొనని ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని సంఖ్య) ఇచ్చి, కేబుల్‌ను ఇంటర్నెట్ పోర్టులో కాకుండా ఇంట్లోని పరికరాలను కలిపే మామూలు లాన్ పోర్టులో పెట్టాలి. ల్యాప్‌టాప్‌ను కూడా తీగతోనే దానికి కలపండి. అడుగున్నర గోడను గాలిలో దాటించాలని చూడటం కంటే రాగి తీగ మేలు.

శ్రుతిలయ:

మీ ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. పాతదాని అడుగున 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. 350 రూపాయలకు అడాప్టర్ తెచ్చి పెట్టాము. తొమ్మిది రోజులైంది, ఒక్కసారి కూడా ఆరిపోలేదు. యూపీఎస్ విషయంలో మీరు హెచ్చరించకపోతే ఆ సాయంత్రమే తగిలించి ఉండేవాళ్లం. కొత్తది 9 వోల్టులదే.

వెంటిలేటర్ల మీదుగా 20 మీటర్ల కేబుల్ లాగించాము. పాఠం గదిలో ఇప్పుడు తీగ మీద 93 వస్తోంది. మా అమ్మాయి ఫోన్‌లో ఫొటోల అప్‌లోడ్ రాత్రి పూట మాత్రమే జరిగేలా మార్చాక, పాఠం వేళల్లో పింగ్ 20 నుంచి 30 మధ్యనే ఉంటోంది. క్యూఓఎస్ పెట్టి చూశాను. మీరన్నట్టే వేగం సగానికి పడిపోయింది, తీసేశాను. ఆ పాపకు జారు మళ్లీ మొదటినుంచి చెబుతున్నాను. ఒకసారి గొంతులో కూర్చున్నది మార్చడానికి ఇంకో నాలుగు పాఠాలైనా పడుతుంది.

ఒక సందేహం మిగిలింది. పాతదానికి పెద్ద పోర్టులున్నాయి కదా, దాన్నే హాల్లో ప్రధాన రూటర్‌గా పెడితే 150 పూర్తిగా వస్తుంది. అలా చేయవచ్చా?

గోదావరి తీరం (రాజమహేంద్రవరం):

చేయవచ్చు, కానీ నేనైతే చేయను అమ్మా. 2015 నాటి రూటర్‌కు తయారీదారు భద్రతా సవరణలు ఇవ్వడం ఎప్పుడో ఆపేసి ఉంటారు. అలాంటిదాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబెట్టడం మంచిది కాదు. మీ వీడియో పాఠానికి నాలుగైదు ఎంబీపీఎస్ చాలు కనుక, 93కూ 150కీ తేడా మీ పిల్లలకు వినిపించదు. ఇప్పుడున్న అమరికే ఉంచండి. పాతదానిలో డబ్ల్యూపీఎస్ (బటన్‌తోనో పిన్ నంబరుతోనో వైఫైకి కలిపే సౌకర్యం) ఆపేసి, వైఫై భద్రతా రకాన్ని డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కు మార్చి, రూటర్ సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది పెట్టండి. ముందుముందు మరొకటి కొనవలసి వస్తే పోర్టుల దగ్గర గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) అని రాసి ఉందో లేదో చూసి, ఆ తరువాతే ధర అడగండి.