స్ఫెంజ్ పిండిలో పంచదార వేయాలా, వద్దా?

పిండివంట: మొరాకో స్ఫెంజ్‌కి (ఈస్ట్‌తో పొంగించిన పిండిని చిల్లు పెట్టి నూనెలో వేయించేది) కొన్ని రెసిపీల్లో పంచదార, పాలు, గుడ్డు చెబుతున్నారు. కొన్నింటిలో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్, అంతే. ఏది అసలుది?

కడాయి: రెండోది. అక్కడ పొద్దున్నే వేడివేడిగా దించి, ఆకు పీలికకు గుచ్చి ముడేసి ఇచ్చేది తీపి లేని స్ఫెంజే. తీపి కావాలంటే పైన పంచదార చల్లుకుంటారు, లేదా తేనె. పక్కన పుదీనా టీ ఎలాగూ తియ్యగానే ఉంటుంది. పిండిలోనే పంచదార వేస్తే పైన త్వరగా ఎర్రబడుతుంది. రంగొచ్చింది కదా అని తీసేస్తాం, లోపల పచ్చిగా ఉంటుంది. పాలు, గుడ్డు పడ్డాక అది డోనట్.

ట్యూనిస్_రాధిక: పాలు, గుడ్డు వద్దంటే సరే. పంచదార మీద అంత కోపం దేనికండీ? అరకిలో పిండికి 5 గ్రాములంటే 1 శాతం. రెండు గంటలు పొంగేసరికి అందులో చాలావరకు ఈస్టే తినేస్తుంది. ముందే నల్లబడుతోందంటే నూనె మరీ కాగిందన్నమాట.

కడాయి: ఈస్ట్ తినేసేదాన్ని వేయడమెందుకు? దానికి పిండిలోంచి వచ్చే చక్కెర చాలు.

ట్యూనిస్_రాధిక: రెండు గంటలకైతే చాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన పిండిలో ఆ చక్కెర తగ్గిపోయి, స్ఫెంజ్ తెల్లగా పాలిపోయినట్టు వస్తుంది. అప్పుడు ఆ చెంచాడు పంచదార పనికొస్తుంది.

నూనె_సెగ: పంచదార సంగతి అలా ఉంచండి, ఎక్కువమందికి చెడేది నీళ్ల దగ్గర. చేతికి అంటకుండా పూరీపిండిలా కలిపితే లోపల పెద్ద గుల్లలు రావు, బన్నులా బిగుసుకుపోతుంది. 500 గ్రాముల బ్రెడ్ పిండికి 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 400 మి.లీ. గోరువెచ్చని నీళ్లు. మన మైదాలో గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చేది) తక్కువ కాబట్టి 350తో మొదలుపెట్టి, సాగడం మొదలయ్యాక కొద్దికొద్దిగా పెంచండి. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే జారుగా అయిపోతుంది. అప్పుడు పొడి పిండి చల్లి సరిచేయబోతే ఉండలు కడుతుంది. పదిహేను నిమిషాలు గిన్నెలోనే ఎత్తి కొడుతూ కలపాలి. రెట్టింపు పైన పొంగేదాకా మూతపెట్టాలి.

పిండివంట: అంత జారు పిండికి చిల్లు నిలుస్తుందా?

నూనె_సెగ: గారెలకు చేసినట్టే చెయ్యి తడి చేసుకోండి. నిమ్మకాయకంటే కాస్త పెద్ద ముద్ద తీసి, బొటనవేలితో చిల్లు పొడిచి, రెండు చేతులతో సాగదీస్తూ వెంటనే నూనెలోకి జారవిడవాలి. ముందే చేసి పళ్లెంలో పరిస్తే అంటుకుని గాలంతా పోతుంది. చిల్లు మీరనుకున్నదానికి రెట్టింపు పెట్టండి, నూనెలో ఉబ్బి సగం పూడుకుపోతుంది. వంకరగా వచ్చినా దిగులు అక్కర్లేదు, అక్కడా గుండ్రంగా ఉండవు.

కడాయి: చేతి నీళ్లు నూనెలో కారకుండా చూసుకోండి, చిటపటమని మీదికి ఎగురుతుంది. భయమైతే చేతికి నూనె రాసుకోండి. నూనె 180 నుంచి 190 డిగ్రీలు, నాలుగు వేళ్ల లోతు. ఒక్కో వాయికి రెండు మూడు చాలు. మూకుడు నింపేస్తే వేడి దిగి నూనె పీల్చేస్తాయి.

ట్యూనిస్_రాధిక: చల్లారితే తోలులా సాగుతాయి, పది నిమిషాల్లో తినేయాలి. మిగిలితే మైక్రోవేవ్ వద్దు. మొరాకోలో చేసినట్టు అరచేత్తో చితక్కొట్టి మళ్లీ నూనెలో వేయండి, కరకరలాడతాయి. పైన గుడ్డు కొట్టి వేయించేవాళ్లూ ఉన్నారు. కడాయి గారూ, పిండిలో గుడ్డు వద్దన్నారు సరే, పైన గుడ్డుకి అభ్యంతరం లేదుగా?

కడాయి: పైన మీ ఇష్టమండీ. పిండి జోలికి రాకండి.