మీటింగ్‌లో మౌనం, బయట గుసగుసలు: ఈ ఆఫీసు తీరు అర్థం చేసుకోవడం ఎలా?

కొత్తగా_చేరాను:
ఈమధ్యే కంపెనీ మారాను. చేరిన రోజున "ఇక్కడ ఎవరైనా ఏదైనా అడగొచ్చు" అన్నారు. తీరా మీటింగ్‌లో మేనేజర్ "ఏమైనా సందేహాలా?" అంటే ఒక్కరూ నోరు మెదపరు. బయటికి రాగానే ఇద్దరిద్దరుగా గుసగుసలు. ఇక్కడి అసలు పద్ధతి పసిగట్టేదెలా?

రెండో_షిఫ్ట్:
టీ బ్రేక్‌లో వాళ్ళతో కూర్చోండి, అన్నీ తెలుస్తాయి.

పాతకాపు:
టీ దగ్గర తెలిసేది సగమేనండీ. చెప్పేవాళ్ళకి ఎవరి మీద ఏ కోపం ఉందో మీకింకా తెలీదు కదా. నేనైతే విన్నదానికంటే చూసినదాన్నే నమ్ముతాను. ప్రశ్న పడగానే అందరి కళ్ళూ ఎవరి వైపు వెళ్తున్నాయో చూడండి. చాలాసార్లు అది మేనేజర్ కాదు. "పని ఆలస్యమవుతుంది" అని ముందే చెప్పినవాడికి సాయం దొరికిందా, అక్షింతలు పడ్డాయా? ఒకడికి పడితే చాలు, మిగతావాళ్ళు గడువు మీద పడేదాకా పెదవి విప్పరు. మీ దగ్గర మౌనానికీ అదే కారణం కావచ్చు.

ఎడ్గార్ షైన్ అనే ఎంఐటీ ప్రొఫెసర్ సంస్థ సంస్కృతిని మూడు పొరలుగా చూశాడు: కంటికి కనిపించేవి, పైకి చెప్పుకునే విలువలు, అడుగున ఎవరూ నోటితో చెప్పని నమ్మకాలు. మొదటిరోజు మీకు చెప్పింది రెండో పొర.

1931-32లో అమెరికాలోని హాథార్న్ ఫ్యాక్టరీలో, 14 మంది పనిచేసే గదిలో ఒక పరిశీలకుడు నెలల తరబడి కూర్చున్నాడు. జట్టు ఎంత ఎక్కువ చేస్తే అంత ఎక్కువ కూలి. అయినా రోజుకింత చాలని వాళ్ళలో వాళ్ళే గీత గీసుకున్నారు. దాటినవాడి జబ్బ మీద ఒక గుద్దు! ఆ గుద్దు సంగతి ఏ రూల్‌బుక్ తిరగేసినా దొరకదు.

కొత్తగా_చేరాను:
ఇవాళ గమనించాను. అందరూ చూసింది టెస్టింగ్ సీనియర్ మేడమ్ వైపు! ఆవిడ తలూపాకే మిగతావాళ్ళు సరే అన్నారు. వెళ్ళి ఆవిడనే అడగనా?

పాతకాపు:
ఒక్క మీటింగ్‌కే తేల్చేయకండి. ఇవాళ్టి విషయం టెస్టింగ్‌దే అయితే ఆవిడ వైపు చూడడం మామూలే. సెలవుల గురించో, కొత్త క్లయింట్ గురించో మాట్లాడినప్పుడూ అలాగే జరిగితే అప్పుడు వెళ్ళండి. వెళ్ళినా "ఇక్కడెందుకిలా?" అనొద్దు. "పోయినసారి ఇలాంటి పని వస్తే ఎలా చేశారు మేడమ్?" అనండి. అభిప్రాయం చెప్పమంటే వెనకాడేవాళ్ళు కూడా జరిగింది చెప్పమంటే చెప్తారు. గమనించినవి రాసుకోవాలనుకుంటే ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వద్దు.