పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వెల్డింగ్ చేయొచ్చా?

చీపురుపల్లి కుర్రోడు:
మా నాన్నకి అరవై దాటాయి. మెయిన్ రోడ్డులో చిన్న వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్స్, అప్పుడప్పుడు ట్రాక్టర్ తొట్టెలు. గుండె నెమ్మదిగా కొట్టుకుని కళ్ళు తిరిగి పడిపోతుంటే విశాఖలో పేస్‌మేకర్ వేయించాం. కుట్లు మానిపోయాయి. ఎడమ భుజం కింద చర్మం లోపల అగ్గిపెట్టెంత ఉబ్బు కనిపిస్తుంది. డిశ్చార్జి కాగితంలో ‘వెల్డింగ్‌కి దూరంగా ఉండాలి’ అని ఒక్క ముక్క రాశారు. ఎంత దూరం? అమ్మ టెన్షన్ పడి సెల్‌ఫోన్ కూడా ఇవ్వట్లేదు, ఇండక్షన్ పొయ్యి అటకెక్కించేసింది. ఆయనేమో ‘కూచోబెట్టి మేపడానికి నేనేమైనా అంబోతునా’ అని రోజూ గొడవ.

గజపతినగరం పెద్దాయన:
వద్దు బాబూ. ఆ కరెంటుకి లోపలి పెట్టె కాలిపోతుంది. షాపు అద్దెకిచ్చేయండి.

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్, విజయనగరం:
పెద్దాయనా, అంత తేలిగ్గా కాలిపోదండీ. అది టైటానియం డొక్కు, లోపలికి చెమ్మ కూడా పోదు. అసలు చిక్కు వేరు. దాని నుంచి సన్నటి వైరు రక్తనాళంలోంచి గుండెలోకి వెళ్తుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే వచ్చే కొద్ది మిల్లీవోల్టుల సిగ్నల్‌ని అది వింటుంది. వినపడితే ఊరుకుంటుంది, లేకపోతే తానే తడుతుంది. వెల్డింగ్ కేబుల్ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం ఆ వైరుకి తగిలితే, ఆ గోలనే గుండె చప్పుడనుకుని తట్టడం మానేయొచ్చు. అప్పుడు కళ్ళు తిరుగుతాయి. పక్కకి జరిగితే మామూలుగా మళ్ళీ పని మొదలెడుతుంది.

కంపెనీలు సాధారణంగా చెప్పేది: 160 ఆంప్స్ లోపు, మంటకీ కేబుల్స్‌కీ పెట్టెకీ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు. ఇండక్షన్ పొయ్యికీ అదే దూరం. ఫోన్‌కి 15 సెంటీమీటర్లు చాలు; కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడమనండి, ఎడమ జేబులో మాత్రం వద్దు. అమ్మగారికి ఈ మాట చెప్పండి ముందు!

షాక్ కొట్టి గుండెని దారిలో పెట్టే ఐసీడీ అయితే కథ వేరు. ఆ గోలకి అది ఊరికే షాక్ ఇచ్చేయగలదు.

చీపురుపల్లి కుర్రోడు:
పేస్‌మేకరే అన్నా. గ్రిల్స్‌కి పన్నెండో నంబరు రాడ్డే, వంద ఆంప్స్ దాటదు. కానీ కేబుల్ భుజాన వేసుకుని చేస్తారు.

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్, విజయనగరం:
అమ్మో, ఆ అలవాటు మాన్పించు తమ్ముడూ. రెండు కేబుల్స్ పక్కపక్కనే నేల మీద ఉండాలి, చుట్టలు చుట్టకూడదు. ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే చోటికి వీలైనంత దగ్గర. మెషీన్ దూరంగా. గ్లౌజులు పొడిగా. ఒంటరిగా చేయనివ్వొద్దు. వీటన్నిటికంటే ముందు, గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడి ఉందా అని డాక్టర్‌ని అడుగు. అవునంటే ఆయన సరేననేదాకా హోల్డర్ పట్టనివ్వకు. చెకప్‌కి వెళ్ళేటప్పుడు పేస్‌మేకర్ కార్డు మర్చిపోకు, మోడల్ నంబరు దాని మీదే ఉంటుంది.

చీపురుపల్లి కుర్రోడు:
సోమవారం తీసుకెళ్తున్నా. ఈలోపు కొలతలు తీసుకోవడం, కుర్రాళ్ళని తిట్టడం వరకు నాన్నకి పర్మిషన్ ఇచ్చాం.